పన్నెండో కుర్చీ, పదమూడో కుర్చీ

వుల్వర్‌హ్యాంప్టన్ డయాలసిస్ వార్డులో
కుర్చీకో టీవీ.
రక్తం బయటికెళ్లి కడుక్కుని వచ్చే
నాలుగు గంటలూ
కళ్ళకి వేరే పనేం ఉంటుంది.

పన్నెండులో గ్లెనిస్ పార్డో.
సూది దిగకముందే రిమోట్ అడుగుతుంది.
పోలీసు టేపు, తడిసిన పేవ్‌మెంటు,
ఎవరిదో ఒంటి బూటు.
అదే బూటు గంటకి ఆరుసార్లు.
ఆరుగురు పోయినట్టు లెక్కేసుకుంటుంది ఆవిడ.

పదమూడులో ఎగ్‌బర్ట్ లాసెల్స్.
ఆయనకి తోటల ఛానెల్.
తుప్పుపట్టిన సైకిళ్ళ పెరడు
యాభై నిమిషాల్లో గులాబీలతో నిండిపోతుంది,
ఇంటావిడ ఏడుస్తుంది, ఈయనా ఏడుస్తాడు.
ట్యూబులున్న చెయ్యి కదపకూడదు కాబట్టి
ఆ కళ్ళు తుడిచేది నేనే.

ఇద్దరిదీ ఒకటే వీధి, లాబర్నమ్ రోడ్.
ఫైళ్ళలో చిరునామాలు చూసేదాకా నాకు తెలీదు.

"మా వీధా? చీకటి పడితే పిల్లి కూడా గడప దాటదు."
"మా వీధా? మలుపులో చెర్రీ చెట్టుంది, చూశావా ఎప్పుడైనా?"
రెండు వీధులకీ ఒకే దూది, ఒకే టేపు
అంటించి ఇంటికి పంపిస్తాను.

నిజం చెప్పొద్దూ,
మొదట్లో నేను ఆయన పక్షం.
ఆవిడకి బీపీ కాగితం చూపించి
"ఛానెల్ మార్చు గ్లెనిస్, పై అంకె దిగుతుంది" అనేదాన్ని.
నూట డెబ్భై రెండు.
"చూడకపోతే జరగడం మానేస్తుందా?" అనేది.

ఫిబ్రవరిలో ఒక బుధవారం
కోటు విప్పకుండానే చెప్పింది:
ఎదురింటి కర్టెన్లు రెండ్రోజులుగా తెరుచుకోలేదట.
హత్యేననుకుందట.
పోలీసులకి ఫోన్ చేసి
"రక్తం ఉంటుంది, చూసుకుని రండి" అని కూడా చెప్పిందట.
రక్తం లేదు.
టాడెక్ అనే ముసలాయన, బాత్రూం గచ్చు మీద,
తుంటి విరిగి,
తడి తువ్వాలు అంచు చప్పరిస్తూ
బతికే ఉన్నాడు.

ఎగ్‌బర్ట్ ఆ గుమ్మం ముందునుంచే రోజూ నడుస్తాడు.
కుండీలో క్రోకస్‌లు పూశాయని సోమవారం నాతో అన్నాడు కూడా.
పూశాయి. ఆయన అబద్ధమేం చెప్పలేదు.

తాడుని చూసి పామనుకున్నవాడి కథ
మా తెలుగు మాస్టారు ఏడాదికోసారి చెప్పేవారు.
పాముని చూసి తాడనుకున్నవాడి సంగతి
సిలబస్‌లో లేదు కాబోలు.

ఆ రోజు పదమూడులో టీవీ వద్దన్నాడు.
కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు నాలుగు గంటలూ.
పన్నెండులో మామూలే.

రాత్రి షిఫ్టు దిగి బస్టాపుకి నడుస్తుంటే
వెనక పరుగు.
హుడ్డు వేసుకున్న కుర్రాడు.
నా చెయ్యి బ్యాగుని పట్టేసుకుంది, నేను చెప్పకుండానే.
పన్నెండో కుర్చీ నా మోచేతిలోకి ఎప్పుడు దిగిందో!
సిగ్గేసి, వెంటనే నవ్వాను,
పళ్ళన్నీ కనపడేలా, పదమూడో కుర్చీ నవ్వు.
అతను రెండూ చూడలేదు.
దాటి పోయాడు. బస్సు కోసం కాదు,
బస్సు ఇంకా రానేలేదు.
చలికి పరిగెత్తే కాళ్ళు, అంతే.
అంతేనని మాత్రం నాకెలా తెలుసు?

ఏమీ జరగనిదాన్ని చూపించే ఛానెల్ లేదు.
ఆ పది నిమిషాలూ ఒక్కదాన్నే చూశాను:
మూసేసిన చిప్స్ కొట్టు, దాని ముందు
నీళ్ళలో నానుతున్న రసీదు,
దీపం కింద వాన పడుతోందా లేదా అన్నట్టు వాన.
మేడ మీద ఒక కర్టెన్ కొంచెం పక్కకి జరిగింది.

చీకట్లో, బ్యాగు గుండెకి అదుముకుని,
ఎవరూ లేని రోడ్డుకేసి నవ్వుతూ నిలబడ్డ మనిషి.
ఏ ఛానెల్లో పెట్టిందో నన్ను.

చెయ్యి ఊపాను.
కర్టెన్ పడిపోయింది.